భంజవిహార్ మైదానం



బరంపురం నుంచి గోపాల్‌పూర్ బస్సెక్కిన వారికి భంజవిహార్ కొత్త కాదు. సుమారు 12 కిలోమీటర్లు వెళ్ళాక, ఉప్పుగాలి మొహానికి తగులుతూండగా బరంపురం విశ్వవిద్యాలయం వస్తుంది. ఘుముసర ప్రాంతానికి చెందిన ఒడియా మహాకవి ఉపేంద్ర భంజ పేరే ఆ ఆవరణకు పెట్టారు. అక్కడి ఫుట్‌బాల్ మైదానాన్ని తలచుకుంటే నాకు ముందుగా సరిహద్దు గుర్తుకొస్తుంది.

మాది ఇచ్ఛాపురం. మా మేనమామగారిది బరంపురం. మధ్య దూరం సుమారు 25 కిలోమీటర్లు. సెలవుల్లో మా బావా నేనూ ఎప్పుడూ ఒకే జట్టు. కాలేజీలో చేరాక ఇద్దరికీ విశ్వవిద్యాలయ జట్టులో ఆడాలనే పిచ్చి పట్టింది. బావది బరంపురం విశ్వవిద్యాలయం, నాది ఆంధ్ర విశ్వవిద్యాలయం. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల లెక్కలో బరంపురం ఈస్ట్ జోన్, ఆంధ్ర సౌత్ జోన్. ఆయన కలకత్తా, పాట్నా జట్లతోనూ, నేను మద్రాసు, మైసూరు జట్లతోనూ తలపడాలి. మేమిద్దరం ఎదురుపడాలంటే రెండు జట్లూ తమ తమ జోన్లలో నెగ్గి అఖిల భారత పోటీకి చేరాలి. అంత దూరం మేము రాలేదనుకోండి!

మా తాతల కాలంలో ఈ చిక్కు లేదు. బరంపురం, ఇచ్ఛాపురం రెండూ మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లావే. 1878లో మొదలై, తరువాత ఖల్లికోట జమీందారు విరాళంతో ఆ పేరు పొందిన ఖల్లికోట కళాశాలకు ఇటు పిల్లలూ అటు పిల్లలూ వెళ్ళేవారు. 1894లో బరంపురంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరిగారు అక్కడ చదివినవారే. తరువాత డబ్లిన్ వెళ్ళి న్యాయశాస్త్రం చదివి, కార్మిక నాయకుడై, 1969లో రాష్ట్రపతి అయ్యారు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైంది. బరంపురం అటు పోయింది, ఇచ్ఛాపురం ఇటు విశాఖపట్నం జిల్లాలో చేరింది. అయితే చిత్రమేమిటంటే, రాష్ట్రం మారినా పరీక్షలు మారలేదు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం కిందనే దక్షిణ ఒరిస్సా కళాశాలలు ఉండిపోయాయి. 1943లో కటకంలో ఉత్కళ విశ్వవిద్యాలయం వచ్చేదాకా, అంటే మరో ఏడేళ్ళపాటు, బరంపురం విద్యార్థికి పట్టా వాల్తేరు నుంచే. ఆ సంగతి మా బావకు చెబితే, "అయితే మీ వాల్తేరు జట్టులో నాకూ ఒక చోటు రావలసిందే" అనేవాడు. చివరికి 1967 జనవరి 2న బరంపురానికి సొంత విశ్వవిద్యాలయం వచ్చింది.

మ్యాచ్ చూడడానికి వచ్చినవారు గోపాల్‌పూర్ చూడకుండా తిరిగి వెళ్ళరు. నేడు అక్కడ దీపస్తంభమూ, స్నానాలు చేసేవారూ కనిపిస్తారు. ఒకప్పుడది రంగూన్‌కు స్టీమర్లు బయలుదేరిన రేవు. గంజాం పల్లెల నుంచి ఒడియావారూ తెలుగువారూ కూలికి బర్మా వెళ్ళిన దారి అదే. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో, జపాను వారు బర్మాను ఆక్రమించడంతో ఆ రాకపోకలు ఆగిపోయాయి. ఇంకా తీరిక ఉన్నవారు ఋషికుల్య ఒడ్డున తారాతారిణి కొండకూ, అశోకుడి శాసనమున్న జౌగడకూ వెళ్ళవచ్చు. బరంపురం పట్టుచీర సంగతి ఆడవారికి నేను చెప్పనక్కరలేదు!

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. భంజవిహార్‌లో చెట్లు పెద్ద సంఖ్యలో నేలకొరిగాయి. కొన్నాళ్ళకు నేను వెళ్ళి చూస్తే, ఎండవేళ మేము నిలబడిన నీడ లేదు. బావ ఆ మోడుల మధ్య చాలాసేపు మాట్లాడకుండా తిరిగాడు.

ఇక మా ఇంట మూడో విశ్వవిద్యాలయం కూడా చేరింది. 2008లో శ్రీకాకుళం జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో వేరే విశ్వవిద్యాలయం రావడంతో, మా అబ్బాయి దాని కింద చదివాడు. బావ కొడుకు మాత్రం భంజవిహార్‌లోనే. దసరా సెలవులకు కలిసినప్పుడు, వాళ్ళిద్దరిదీ ఒకే జట్టు.