గాలికి తూనికరాళ్ళు

బజారులో పప్పు తూచే తూనికరాళ్ళ మీద తూనికలు, కొలతల శాఖవారి ముద్ర ఉండాలని మనందరికీ తెలుసు. త్రాసు ఎంత మంచిదైనా రాయి తప్పుదైతే తూకం తప్పే. గాలిలోని అతి స్వల్పమైన వాయువులను కొలిచే ప్రయోగశాలలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. అక్కడి తూనికరాళ్ళ చరిత్ర పాఠకులకు ఆసక్తి కలిగిస్తుందని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

లండన్‌లో మిల్ హిల్ వద్ద ఉన్న జాతీయ వైద్య పరిశోధన సంస్థలో ఎ.టి. జేమ్స్, ఎ.జె.పి. మార్టిన్ అనే శాస్త్రజ్ఞులు 1952లో గ్యాస్ క్రొమటోగ్రఫీ పద్ధతిని ప్రకటించారు. మిశ్రమాన్ని ఒక వాయువుతోపాటు పొడవైన గొట్టం గుండా పంపితే, అందులోని పదార్థాలు విడివడి ఒకదాని వెనుక ఒకటిగా బయటికి వస్తాయి. చివరనున్న పరికరం ఒక్కొక్కదానికి కాగితం మీద ఒక్కొక్క శిఖరం గీస్తుంది. 1957లో అదే సంస్థలో జేమ్స్ లవ్‌లాక్ కనిపెట్టిన ఎలక్ట్రాన్ కాప్చర్ డిటెక్టర్ ఎంతో సున్నితమైనది. 1971-72లో దానిని షాకిల్టన్ అనే ఓడలో అంటార్కిటికా దాకా పంపి, దారి పొడవునా గాలిలో సి.ఎఫ్.సి.-11 అనే శీతలీకరణ వాయువు ఉన్నదని ఆయన కనుగొన్నారు. అది లక్ష కోట్ల భాగాల గాలిలో సుమారు 50 భాగాలు మాత్రమే!

శిఖరాన్ని చూసి ‘ఉంది’ అనవచ్చు. ‘ఎంత’ అని చెప్పాలంటే పాలు ముందే తెలిసిన ప్రమాణ వాయువును అదే యంత్రంలో పంపి, రెండు శిఖరాలనూ పోల్చాలి. ఆ ప్రమాణాన్ని తయారు చేయడమే అసలు పని. కొద్దిపాటి వాయువును సున్నితమైన త్రాసులో తూచి ఖాళీ సిలిండరులోకి ఎక్కిస్తారు. ఆ వాయువు జాడ లేకుండా శుద్ధి చేసిన గాలిని దానిలో నింపి, మళ్ళీ తూస్తారు. అందులో కొంత తీసి రెండో సిలిండరులో, దానిలోంచి మూడో దానిలో పలుచన చేస్తూ పోతారు. ఒక్కో మెట్టులో వెయ్యో వంతుకు పలుచన చేస్తే నాలుగు మెట్లలో లక్ష కోట్లో వంతుకు దిగవచ్చు. మొదటి మెట్టులో తప్పు దొర్లితే అది చివరిదాకా వస్తుంది. మన లెక్కల భాషలో ఓపెనింగ్ బాలెన్సు తప్పిన క్యాష్ బుక్కు అన్నమాట.

సిలిండరు లోపలి గోడ కొంత వాయువును పీల్చుకోవచ్చు. వాడుతున్నకొద్దీ ప్రమాణ వాయువు తరిగిపోతుంది కూడా. కాబట్టి పాతది అయిపోకముందే కొత్తది తయారు చేసి, రెండింటినీ సరిచూస్తారు. చార్జి అప్పగించేటప్పుడు పాతవారు, కొత్తవారు కలిసి నిల్వ సరిచూసుకుని సంతకాలు చేసినట్లే! ఆ విధంగా ఏళ్ళ తరబడి లెక్క తెగకుండా సాగుతుంది.

దీనివల్ల ఒరిగినదేమిటని అడగవచ్చు. ఈ వాయువులు ఓజోను పొరను దెబ్బతీస్తాయని 1974లో మొలీనా, రోలండ్ హెచ్చరించారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. 2010 నాటికి సి.ఎఫ్.సి.-11 ఉత్పత్తి ప్రపంచమంతటా ఆగిపోవలసి ఉంది. గాలిలో అప్పటికి సుమారు 240 భాగాలున్న ఈ వాయువు ఏటా రెండు భాగాల చొప్పున తగ్గుతూ వచ్చింది. 2012 తర్వాత ఆ తగ్గుదల మందగించి, చివరికి ఏటా ఒక భాగమే తగ్గసాగింది. అమెరికా ప్రభుత్వ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు 2018లో ఈ సంగతిని ప్రకటించి, ఎక్కడో దొంగచాటుగా ఉత్పత్తి జరుగుతున్నట్లుందని తేల్చారు. పెరిగిన ఉద్గారాలలో పెద్ద భాగం తూర్పు చైనా నుంచి వస్తున్నదని 2019లో మరో బృందం చూపింది. ఆ తర్వాత ఉద్గారాలు మళ్ళీ తగ్గాయి.

రెండు వందల పైచిలుకు భాగాలలో ఒక్క భాగం తేడాను ధైర్యంగా చెప్పగలిగారంటే, దశాబ్దాలుగా ప్రమాణాలను తూచి, సరిచూసి, వ్రాసిపెట్టిన వారి చలవే అది. వారి పేర్లు పత్రికలలో రావు. రిజిష్టర్లు సరిగా వ్రాయడంలో సర్వీసంతా గడిపిన మనకు ఆ పని విలువ వేరే చెప్పనక్కరలేదు.