రహస్య బ్యాలెట్: రెండు వైపులా పదునైన కత్తి

అమెరికాలో తొలిసారి ఓటు వేయబోయే కొత్త పౌరుణ్ణి ఆశ్చర్యపరిచేది బ్యాలెట్ పొడవు. అధ్యక్షుడి దగ్గర్నుంచి షెరీఫ్, స్కూలు బోర్డు సభ్యుల దాకా, కొన్ని రాష్ట్రాల్లో న్యాయమూర్తుల దాకా, అన్ని పదవుల అభ్యర్థులూ ఒకే కాగితం మీద కనిపిస్తారు. ఆ కాగితాన్ని ప్రభుత్వమే అచ్చు వేయించి, ఎవరూ చూడకుండా గుర్తు పెట్టుకునే వీలు కల్పిస్తుంది. ఈ ఏర్పాటు రాజ్యాంగంతో పాటే పుట్టిందని మనలో చాలామంది అనుకుంటాం. నిజానికి అమెరికా గణతంత్రపు మొదటి వందేళ్ళలో ఇది లేదు. అది వచ్చిన తీరులో ఎంత మేలు ఉందో, అంత అన్యాయమూ ఉంది.

వలస పాలన కాలం నుంచి వర్జీనియా వంటి చోట్ల ఓటంటే నోటితో చెప్పేదే. ఓటరు అధికారుల ముందు నిలబడి తన అభ్యర్థి పేరు పైకి చెప్పేవాడు, గుమాస్తా రాసుకునేవాడు, అప్పు ఇచ్చిన షావుకారూ, భూమి కౌలుకిచ్చిన ఆసామీ పక్కనే నిలబడి వినేవారు. అభ్యర్థులు ఓటర్లకు మద్యం పోయించడం మర్యాదగానే చెల్లేది. 1758లో వర్జీనియా శాసనసభకు పోటీ చేసిన జార్జ్ వాషింగ్టన్ సైనిక విధుల్లో ఉండి ఊళ్ళో లేకపోయినా, ఆయన పక్షాన వందకు పైగా గ్యాలన్ల మద్యం పంచిపెట్టారు. ఆయన గెలిచాడు. 1852లో జార్జ్ కేలబ్ బింగమ్ చిత్రించిన 'ది కౌంటీ ఎలక్షన్'లో మిస్సోరీలోని ఇటువంటి పోలింగే కనిపిస్తుంది: మెట్ల మీద ప్రమాణం చేస్తున్న ఓటరు, కింద తాగి తూలుతున్న మరికొందరు. కెంటకీలో ఈ పద్ధతి 1891 దాకా సాగింది.

తక్కిన రాష్ట్రాల్లో పందొమ్మిదో శతాబ్దంలో కాగితం వచ్చింది కానీ, దాన్ని అచ్చు వేసింది ప్రభుత్వం కాదు, పార్టీలు. ఒక్కో పార్టీ తన అభ్యర్థుల పేర్లతో ఒక చీటీ ముద్రించి పంచేది. దాని రంగును బట్టి, సైజును బట్టి ఓటరు ఎవరికి వేస్తున్నాడో వీధి చివర నుంచే తెలిసిపోయేది. డబ్బిచ్చినవాడు తన సొమ్ముకు తగిన సరుకు అందిందో లేదో కళ్ళారా చూసుకోగలిగేవాడు. మనుషులను పట్టుకొచ్చి, గదుల్లో బంధించి, తాగించి, బూతు నుంచి బూతుకు తిప్పి ఓట్లు వేయించే ముఠాలూ ఉండేవి. 1849 అక్టోబరు 3న, పోలింగు రోజున, ఎడ్గార్ అలన్ పో బాల్టిమోర్‌లో పోలింగు కేంద్రంగా వాడుతున్న ఒక సారాయి కొట్టు దగ్గర అపస్మారకంగా దొరికాడు. నాలుగు రోజులకు ఆసుపత్రిలో మరణించాడు. ఆయన అటువంటి ముఠా చేతికి చిక్కాడనే వాదన ఉంది. వైద్యుడిగా చెప్పాలంటే, మిగిలిన ఆధారాలతో ఆ మరణానికి కారణం తేల్చడం సాధ్యం కాదు. కానీ అటువంటి వాదనను నమ్మదగినదిగా చేసిన ఎన్నికల వాతావరణం మాత్రం కల్పన కాదు.

దీనికి విరుగుడు ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. 1856లో అక్కడి విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా వలస రాజ్యాలు ప్రభుత్వ ఖర్చుతో రహస్య బ్యాలెట్ ప్రవేశపెట్టాయి. బ్రిటన్ 1872లో దాన్ని స్వీకరించింది. అమెరికాలో 1888లో లూయీవిల్ నగరం, ఆ వెంటనే మసాచుసెట్స్ రాష్ట్రం ఆ దారి పట్టాయి. అదే ఏడాది అధ్యక్ష ఎన్నికల్లో రిపబ్లికన్ జాతీయ కమిటీ కోశాధికారి విలియం డడ్లీ పేరిట ఇండియానాకు వెళ్ళిన ఒక లేఖ పత్రికలకెక్కింది. అమ్ముడుపోయే ఓటర్లను అయిదుగురేసి చొప్పున విడదీసి, ఒక్కో గుంపును డబ్బుతో సహా నమ్మకస్తుడి చేతిలో పెట్టమని అందులోని సూచన. ఆ గొడవ సంస్కరణకు ఊపునిచ్చింది. 1892 నాటికి చాలా రాష్ట్రాలు కొత్త బ్యాలెట్‌కు మారాయి. ఓటు కొన్నవాడికి అది తనకే పడిందని తెలుసుకునే మార్గం మూసుకుపోయింది.

ఇక్కడితో ఆపితే ఇది సంస్కరణ విజయగాథ. కానీ పార్టీ చీటీకి ఒక గుణం ఉండేది: చదువు రానివాడు కూడా రంగు చూసి దాన్ని గుర్తుపట్టగలడు. కొత్త బ్యాలెట్ ముందు నిలబడినవాడికి అక్షరం రావాలి. కొన్ని రాష్ట్రాలు ఈ చిక్కును గమనించి, కోడిపుంజు, గద్ద వంటి పార్టీ చిహ్నాలు ముద్రించాయి. దక్షిణాది పాలకులు ఆ చిక్కునే ఆయుధం చేసుకున్నారు.

దారి చూపింది దక్షిణ కరోలినా. ఆ రాష్ట్రంలో అప్పటికి నల్లజాతివారే అధిక సంఖ్యాకులు. అంతర్యుద్ధం ముగిసేదాకా బానిసలకు చదువు చెప్పడం అక్కడ నేరం. 1882లో వచ్చిన 'ఎనిమిది పెట్టెల చట్టం' ప్రకారం ఒక్కో రకం పదవికి ఒక్కో పెట్టె. పెట్టె మీద రాసిన పేరు చదివి, సరైన చీటీని సరైన పెట్టెలో వేయాలి. తప్పు పెట్టెలో పడిన ఓటు చెల్లదు. ఎవరైనా పెట్టెల వరస కంఠస్థం చేసి వస్తే, ఆ వరసనే మార్చేసేవారు. 1891లో ఆర్కన్సా తెచ్చిన రహస్య బ్యాలెట్ చట్టం ప్రకారం, చదువు రానివాడికి సాయం చేసే అధికారం ఎన్నికల అధికారులకే ఉంది. తన ఓటును ఎవరి నుంచి దాచుకోవాలో వారికే దాన్ని చెప్పుకోవలసి వచ్చింది. ఈ బ్యాలెట్ నల్లవారిని తికమకపెడుతుందని సంబరపడుతూ, 1892లో అక్కడి డెమొక్రాట్లు ప్రచార గీతమే కట్టారు. తర్వాత తలపన్నులు, అక్షరాస్యతా పరీక్షలు తోడయ్యాయి. లూయిజియానాలో 1896లో నమోదైన నల్లజాతి ఓటర్లు 1,30,334 మంది. 1904 నాటికి వారి సంఖ్య 1,342.

ఈ ఎనిమిది పెట్టెల పక్కన మన మొదటి సార్వత్రిక ఎన్నికలను పెట్టి చూడాలి. 1951 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో అక్షరాస్యత 18.33 శాతం. ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ముందు ఉన్న సమస్య, దక్షిణ కరోలినా శాసనకర్తల ముందు ఉన్నదే: చదవలేని ఓటర్లు. ఆయన కూడా పెట్టెలనే ఆశ్రయించాడు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద ఎన్నికల గుర్తు. కాడెద్దులు, గుడిసె, కంకి కొడవలి. ఓటరు ఏమీ రాయనక్కర్లేదు. తెర వెనక్కి వెళ్ళి తనకు కావలసిన బొమ్మ ఉన్న పెట్టెలో చీటీ వేస్తే చాలు. అక్కడ అక్షరం తెలియనివాణ్ణి బయటికి నెట్టిన ఉపాయం, ఇక్కడ బొమ్మను తోడు తెచ్చుకుని అతన్ని లోపలికి పిలిచింది.

చదువు రాకపోవడం తెలివి లేకపోవడం కాదని వైద్యులకు రోజూ తెలుస్తూనే ఉంటుంది. అంగీకార పత్రం చేతికిస్తే కళ్ళజోడు మరిచిపోయానని తప్పించుకునే రోగి, అదే విషయం నోటితో వివరిస్తే శస్త్రచికిత్స గురించి సూటిగా అడగవలసిన ప్రశ్నలన్నీ అడుగుతాడు.

అమెరికా చట్టం ఈ సంగతిని ఒప్పుకోవడానికి చాలాకాలం పట్టింది. 1965 నాటి ఓటు హక్కుల చట్టం దక్షిణాదిలో అక్షరాస్యతా పరీక్షలను నిలిపివేసింది. 1970లో ఆ నిషేధం దేశమంతటికీ విస్తరించింది. 1982 సవరణ ప్రకారం, చూపు లేనివారూ, వికలాంగులూ, చదవడం రాయడం రానివారూ తమకు నచ్చిన వ్యక్తిని సాయానికి వెంట తెచ్చుకోవచ్చు. ఆ వ్యక్తి యజమాని గానీ యజమాని మనిషి గానీ, కార్మిక సంఘం ప్రతినిధి గానీ కాకూడదు. ఆర్కన్సా చేసిన పనికి సమాధానం తొంభై ఒక్క ఏళ్ళకు దొరికిందన్నమాట.

ఎన్నికల నిబంధనల మీద ఈనాటికీ ఇక్కడ వాదాలు ఆగలేదు. గుర్తింపు కార్డులైనా, తపాలా ఓట్లైనా, మోసాన్ని అరికట్టాలనే మాట వినిపిస్తుంది, ఆటంకాలు తొలగించాలనే మాటా వినిపిస్తుంది. రెండూ న్యాయమైన కోరికలే. కొత్తగా వచ్చిన ప్రతి నిబంధన గురించీ మనం రెండు లెక్కలు అడగాలి: ఇది ఎన్ని దొంగ ఓట్లను ఆపింది? ఎంతమంది అసలు ఓటర్లను వెనక్కి పంపింది? మందు పనిచేసిందా అని మాత్రమే చూసి, దాని దుష్ఫలితాలను లెక్కించని వైద్యం వైద్యం కాదు. ఆనాటి లూయిజియానాలో ఎవరైనా ఆ రెండో లెక్క తీసి ఉంటే, జవాబు ఓటర్ల జాబితాలోనే కనిపించేది.