తాండూరు కంది



వికారాబాదునకు చేరువనున్న అనంతగిరి కొండలలో రెండేఱులు పుట్టుచున్నవి. మూసీ తూర్పుముఖమై హైదరాబాదునకు పోవును. కాగ్నా పడమరకు తిరిగి, తాండూరు సీమను తడిపి, భీమానదిలో కలియును. మూసీని గూర్చి వ్రాసినవారు పెక్కురు. కాగ్నా సీమలో పండు ఒక గింజను గూర్చి నేను నేడు ముచ్చటింపదలచితిని. అది కంది.

సంస్కృతమున దీనికి ఆఢకి యనియు, తువరి యనియు పేర్లు. మొదటి పేరు హిందీలో అర్హరైనది, రెండవది తూరైనది. పొరుగు కన్నడిగులు తొగరి యందురు. ఈ పైరు మన దేశముననే పుట్టినదని శాస్త్రజ్ఞుల నిర్ణయము. దీనికి మిక్కిలి దగ్గర చుట్టమగు అడవిమొక్క నేటికిని తూర్పు కనుమలలో మొలచుచున్నది.

తాండూరు నాపరాతిని ఎఱుగనివారు మనలో నుండరు. ఆ సున్నపురాతి పొరలకు మీదుగా లోతైన నల్లరేగడి పరచుకొని యున్నది. ఆ మన్నులో అట్టపల్గైట్ అను ఒక జాతి బంకమట్టి కలదనియు, కందిగింజ రుచికిని, పప్పు చక్కగా ఉడుకుటకును ఆ మన్నును సున్నపురాయియు కారణములు కావచ్చుననియు చెప్పుదురు. ఈ కందిలో మాంసకృత్తులు నూటికి 22 మొదలు 24 పాళ్ళు. వానపై ఆధారపడిన సేద్యమే గాని చెరువు నీరు లేదు. అయినను కందివేరు లోతుకు దిగి తేమను వెదకుకొనును.

ఇట్టి పైరునకు శత్రువు ఎండుతెగులు. మీరు చూచియే యుందురు. ఏపుగా పెరిగి పూతకు వచ్చిన చెట్టు ఒక్కసారి తలవాల్చును. పచ్చగా నుండగనే వాడిపోవును. కాండమును చీల్చి చూచిన లోపల నల్లని చారలు కనబడును. దిష్టి యనిరి, దేవతా కోప మనిరి. బీహారులోని పూసా పరిశోధనాలయమున బట్లరు అను శాస్త్రజ్ఞుడు 1906 మొదలు 1910 వరకు శోధించి, ఇది మన్నులో బ్రతుకు ఒక బూజు వలన వచ్చుననియు, వేరుగుండ లోనికి చొచ్చుననియు తేల్చెను. పైరు కోసిన పిమ్మట మోళ్ళలో ఆ బూజు మూడేండ్ల వరకు నిలువగలదు. కావున ఏటేట ఆ చేననే కంది వేసినవాడు తెగులును తానే పెంచినవా డగును.

మన పెద్దలు జొన్నసాళ్ళ నడుమ కందిసాలు వేయుచుండిరి గదా! ఒక పంట పోయిన ఇంకొక పంట దక్కునని వారి యూహ. ఆ పద్ధతిలో ఎండుతెగులు తగ్గునని శాస్త్రజ్ఞులు 1980 తరువాతి ప్రయోగములలో కొలిచి చూపిరి. కారణము పెద్దలకు తెలియకపోవచ్చును, ఫలము తెలియును.

పటాన్‌చెరువున 1972లో ఇక్రిశాట్ అను అంతర్జాతీయ పరిశోధనా సంస్థ వెలసినది. అచ్చటివారు చేసిన పని వినుటకు వింతగా నుండును. బూజు నిండిన రోగపు మడిని బుద్ధిపూర్వకముగా తయారుచేసి, దానిలో వేలకొలది రకముల కందిని విత్తిరి. చచ్చినవి చావగా మిగిలిన మొక్కలనుండి విత్తనము తీసి, మరల అదే మడిలో విత్తిరి. ఈ పనికి ముందు నిలిచినవారిలో నేనె అను తెగుళ్ళ శాస్త్రజ్ఞు డొకడు. ఆయనయే తరువాత ఇంగ్లాండులోని ఆక్స్‌ఫర్డు గ్రంథాలయమునుండి సురపాలుని వృక్షాయుర్వేదము ప్రతిని తెప్పించి, 1996లో ఆంగ్లానువాదముతో వెలువరింపజేసెను. సంస్కృతము చదివిన నాబోటివాని కిది మిక్కిలి ముదము గూర్చిన సంగతి.

ఆ రోగపు మడిలో నిలిచిన వానిలో నుండియే మారుతి రకము వచ్చినది. 1986లో కర్ణాటకమున విడుదలైనది. దాని మూలము మహారాష్ట్రపు నాటుకంది యని గమనింపుడు. ఏ రైతు పూర్వికులో ఏండ్ల తరబడి దాచుకొన్న గింజ యది. వెఱ్ఱితెగులు మరియొక బాధ: చెట్టు గుబురుగా పెరుగును గాని పూయదు, కాయదు. కంటికానని ఒక నల్లి దానిని చెట్టునుండి చెట్టునకు మోయును. ఈ రెండు తెగుళ్ళకును ఓర్చు ఆశ రకము 1993లో వచ్చినది. తాండూరు వ్యవసాయ పరిశోధనా స్థానము వారును హనుమ మొదలగు రకములను ఈ నేలకు తగినట్లు రూపొందించిరి. 2011లో కంది జన్యుపటమును సంపూర్ణముగా చదువబూని, 48,680 జన్యువులు కలవని అంచనా కట్టిరి. చదివినది ఆశ రకపు మొక్కనే.

2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు లభించినది. అట్టపాడి కందికిని అదే విడతలో లభించినది. కలబురగి కందిపప్పు 2019లోనే పొందినది. ఇక వేఱొక తావున పండిన కందిని తాండూరు కంది యని అమ్ముట చట్టవిరుద్ధము.

ఇచ్చట నాకొక చింత కలదు. గుర్తింపు ఊరి పేరునకు వచ్చినది గాని, ఆ ఊరి నాటువిత్తనము ఎందరి యిండ్లలో మిగిలినది? పటాన్‌చెరువు శీతల భాండాగారమున 13 వేలకు పైగా కంది నమూనాలు భద్రముగా నున్నవి, నిజమే. చలిపెట్టెలో నిదురించు గింజ మన చేని క్రొత్త తెగులుతో పోరాడి నేర్చుకొనునది యేమున్నది? మారుతికి మూలమైనట్టి గింజ రేపటి తెగులునకు వలయునేని, అది చేలలో బ్రతికియుండవలయును.

నాటుగింజ ఉన్నవారు ఒక్క సంగతి మరువరాదు. కందిపూవును తేనెటీగలు ఒక చేనినుండి వేఱొక చేనికి కలుపును. నూటికి ఇరువది గింజలకు పైగా సంకరమగుటయు కలదు. విత్తనమునకు నిలుపు చెట్లను ఇతర కందిచేలకు దూరముగా పెంచుడు. చేను చిన్నదైనచో పూతకు ముందే నాలుగు మంచిచెట్లను గుర్తించి, కొమ్మలకు పలుచని గుడ్డసంచులు తొడిగిన చాలును. ఆ కాయలను వేఱుగా కోసి, ఎండబెట్టి, బూడిద కలిపి కుండలో పోసి మూత వేయుడు. కుండపై గింజ పేరును, సంవత్సరమును వ్రాయుడు.