సైకిలు బ్రేకు పుట్టుపూర్వోత్తరములు

వాహనమును నడపుట యొక విద్య. నిలుపుట వేరొక విద్య. చక్రపు అంచును పట్టు రిమ్ము బ్రేకు మేలా, ఇరుసు చెంత బిగించిన లోహపు పళ్లెరమును పట్టు డిస్కు బ్రేకు మేలా యని నేడు సైకిలు వాడువారిలో వాదము గలదు. దానిని తీర్చుటకు పూర్వకథ నెఱుగవలెను.

వేగమును వేడిగా మార్చి వెడలగొట్టుటయే బ్రేకు పని. ఆ ఒరిపిడి నెచ్చట కలిగింపవలెనన్నదే ప్రశ్నము. 1860వ దశకమున ఫ్రాన్సు దేశమున తొక్కుడు సైకిళ్లు బయలుదేరినప్పుడు, గరిటె వంటి యినుపబిళ్లను చక్రపు పట్టాపై అదిమెడివారు. ఇనుప పట్టాయు, గట్టి రబ్బరు పట్టాయు ఆ రాపిడి నోర్చెను. 1888లో బెల్ఫాస్టు నగరమున డన్‌లప్ అను పశువైద్యుడు గాలి టైరును వాడుకకు తెచ్చెను. ప్రయాణము సుఖమయ్యెను గాని మెత్తని టైరు గరిటె రాపిడి కరిగిపోసాగెను. అందుచే ఒరిపిడి టైరును విడిచి రిమ్మునకు మారెను. మన పల్లెలలో నెల్లరు నెఱిగిన కమ్మీల బ్రేకు ఈ జాతిదే. పిడి నొక్కగా కమ్మి లాగబడి, రబ్బరు దిమ్మలు రిమ్ము లోవైపున నొరయును.

రిమ్ము ఇరుసునకు దూరమున నుండుటచే కొద్ది బలమే చాలును. రబ్బర్లు చౌక, మార్చుట సులభము. కాని వానలో రిమ్ముపై నీటిపొర నిలుచును. దిమ్మలు మొదట ఆ నీటిని తుడిచిన పిమ్మట గాని పట్టవు. ఆలోపల సైకిలు చాల దూరము సాగిపోవును. పొడుగైన ఘాటు దిగునప్పుడు రిమ్ము వేడెక్కి ట్యూబు పగులుటయు గలదు. టైరును మోయు రిమ్మే ఒరిపిడినిగూడ భరించుట దీనికి మూలము.

డిస్కు ఈ రెండు పనులను విడదీసెను. 1902లో ఇంగ్లండున లాంచెస్టరు మోటారు బండి డిస్కు బ్రేకునకు పేటెంటు పొందెను. 1953లో ఫ్రాన్సునందలి లెమాన్ పందెమున డిస్కు బ్రేకులుగల జాగ్వారు కారు గెలిచి దానికి కీర్తి తెచ్చెను. 1990వ దశకమున కొండదారుల సైకిళ్లు దానిని గ్రహించెను. రోడ్డు పందెములలో 2015లో పరీక్షకు వచ్చి, 2016లో ఒక పోటీదారునకు గాయమైన వివాదముచే ఆగి, 2018లో అనుమతి పడసెను. డిస్కు వ్యాసము తరచు 160 మిల్లీమీటర్లు. పెద్ద సైకిలు రిమ్ము వ్యాసము 600 మిల్లీమీటర్లకు పైమాట. కావున డిస్కును సుమారు నాలుగు రెట్ల బలముతో పట్టవలెను. అందుకే మేలైనవానిలో ద్రవపు ఒత్తిడిని వాడుదురు. అది చెడినచో పల్లెలో బాగుచేయువారు దొరకుట కష్టము.

కావున వాన, బురద, కొండదారులకు డిస్కు మేలు. పొడి సమతల మార్గములకు చక్కగా నుంచుకొన్న రిమ్ము బ్రేకు చాలును. అయినను తుదకు బండిని నిలుపునది టైరునకు నేలకు గల పట్టు. ఆ పట్టు లేనిచో ఏ బ్రేకును రక్షింపదు. పిల్లవానిని సైకిలుపై పంపుటకు ముందు బ్రేకు రబ్బర్లను, టైర్లను ఒకసారి తడవి చూచుట పెద్దల ధర్మము.