చేపల చెరువులు – కార్జపు జలగ వ్యాధి

పచ్చి మంచినీటి చేపల ద్వారా మనుషులకు, కుక్కలకు, పిల్లులకు సోకే పరాన్నజీవి వ్యాధి. మన గొర్రెలకు వచ్చే కార్జపు జలగకు దీని పురుగు దూరపు బంధువు. దక్షిణ చైనా, కొరియా, ఉత్తర వియత్నాంలలో క్లోనార్కిస్ సైనెన్సిస్, థాయిలాండ్, లావోస్‌లలో ఒపిస్తార్కిస్ వివెర్రిని ప్రధాన కారకాలు. మలంతో నీటిలో చేరిన గుడ్లను నత్తలు మింగుతాయి. వాటిలో పెరిగిన డింభకాలు బయటికి ఈది చేప కండలో తిత్తులుగా స్థిరపడతాయి. చెరువు మీదే మరుగుదొడ్డి కట్టి, మలాన్ని ఎరువుగా వదిలే పాత పద్ధతి ఈ చక్రాన్ని బలపరిచింది. మనుషులకు మందిచ్చినా, గట్టున తిరిగే కుక్కలూ పిల్లులూ గుడ్లు విడుస్తూనే ఉంటాయి. అసలు చిక్కు అక్కడే. పిత్తనాళాల్లో ఏళ్ల తరబడి బతికే ఈ పురుగు క్యాన్సర్‌కు దారితీయవచ్చు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఒపిస్తార్కిస్‌ను 1994లో, క్లోనార్కిస్‌ను 2009లో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. చికిత్సకు ప్రాజిక్వాంటెల్ వాడతారు. కొల్లేరు ప్రాంతపు చేపల రైతులను వేధించే చేప పేను, ఆర్గులస్, ఈ జలగ కాదు, వేరే జీవి. చేప రక్తం పీలుస్తుంది గాని మనిషికి సోకదు. పచ్చి చేపకు కలిపే నిమ్మరసం, కారం, సారా జలగ తిత్తుల్ని నమ్మకంగా చంపవు. లోపలిదాకా ఉడికిన చేపతో ఆ భయం లేదు.