వ్యసనం తిరగబెట్టకుండా సామాజిక మద్దతు

మద్యం, మత్తుపదార్థాలు మానేసినవారు మళ్లీ వాటి జోలికి పోకుండా కుటుంబం, స్నేహితులు, తోటి బాధితులు, ఊరివాళ్లు అందించే తోడ్పాటు. మానేసిన తొలి నెలల్లో దీని అవసరం ఎక్కువ.

పనిచేసే తీరు: దుఃఖం, కోపం వంటి భావాలు, ఇంటి తగాదాలు, తాగమనే స్నేహితుల ఒత్తిడి వ్యసనం తిరగబెట్టడానికి ముఖ్య కారణాలని అమెరికా మనస్తత్వవేత్త అలన్ మార్లాట్ గుర్తించారు. ఒకసారి తాగితే అంతా అయిపోయినట్టు కాదు. ఇంటివాళ్లు దెప్పిపొడవకుండా వెంటనే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్తే నిలదొక్కుకోవచ్చు. అయితే మద్దతు చికిత్సకు ప్రత్యామ్నాయం కాదు. ఎందుకంటే బాగా తాగేవారు ఒక్కసారిగా మానేస్తే మూర్ఛ, మతిభ్రమ రావచ్చు.

చరిత్ర: 1935లో అమెరికాలోని అక్రాన్‌లో మద్యం మానేవారి పరస్పర సహాయ సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్, 1951లో తాగుబోతుల కుటుంబాల కోసం అల్-అనాన్ మొదలయ్యాయి. మొదటిదాని పద్ధతి మద్యానికి పూర్తిగా దూరంగా ఉండటానికి తోడ్పడుతుందని వైద్య పరిశోధనలను మదింపు చేసే కాక్రేన్ సంస్థ 2020 సమీక్ష తేల్చింది.

తెలుగునాట: ఊరి మద్దతు ఉద్యమంగానూ మారింది. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళల సారా వ్యతిరేక ఉద్యమంలో వర్ధినేని రోశమ్మ ప్రసిద్ధురాలు. ఆ ఉద్యమం తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండోది 1997లో సడలింది.

రొద్దం ప్రాంతం: శ్రీ సత్యసాయి జిల్లాలోని రొద్దానికి దగ్గరి పట్టణాలైన పెనుకొండ, హిందూపురం బెంగళూరు రైలుమార్గంలో ఉన్నాయి. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో వ్యసన చికిత్సా విభాగం ఉంది. ఊళ్లో ఉంటూనే సలహా కోసం మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు తెలుగులో ఫోన్ చేయవచ్చు.