సెయింట్ హెలీనా దీవిలో రాకపోకలు – కొంత చరిత్ర

దక్షిణ అట్లాంటిక్ సముద్రం నడుమ, ఆఫ్రికా తీరానికి సుమారు 1,900 కిలోమీటర్ల దూరాన సెయింట్ హెలీనా అనే చిన్న దీవి ఉన్నది. వైశాల్యం 122 చదరపు కిలోమీటర్లు మాత్రమే. నెపోలియన్ పాఠం చివర ఈ పేరు చదివిన గుర్తు మనలో చాలామందికి ఉండే ఉంటుంది. అయితే మన దేశంతోనూ దీనికి సంబంధం గలదు. 1659 నుండి 1834 వరకు ఇది ఈస్టిండియా కంపెనీ పాలనలో ఉండేది. ఇండియా నుండి ఇంగ్లాండు వెళ్ళే ఓడలు ఇక్కడ ఆగి మంచినీళ్ళు నింపుకునేవి. అస్సాయే యుద్ధంలో మరాఠాలను గెలిచిన ఆర్థర్ వెల్లెస్లీ 1805లో స్వదేశానికి పోతూ ఇక్కడ బ్రయర్స్ అనే చోట బస చేశాడు. తర్వాత వెల్లింగ్టన్ డ్యూక్ అయినది ఆయనే. 1815లో వాటర్లూలో ఆయన చేతిలో ఓడిన నెపోలియన్, అదే ఏడు అక్టోబరులో ఖైదీగా వచ్చి సుమారు రెండు నెలలు ఆ బ్రయర్స్‌లోనే ఉన్నాడు!

తర్వాత ఆయనను లాంగ్‌వుడ్ బంగళాకు మార్చారు. అక్కడ సుమారు 12 మైళ్ళ చుట్టుకొలతలో స్వేచ్ఛగా గుర్రం మీద తిరగవచ్చు. అది దాటితే ఇంగ్లీషు ఆఫీసరు వెంట ఉండవలసిందే. గవర్నరు హడ్సన్ లో ఆ హద్దును ఇంకా కుదించాడు. కాపలాతో తిరగడం కంటే ఇంట్లో కూర్చోవడమే మేలని నెపోలియన్ చాలాకాలం స్వారీయే మానుకున్నాడు. 1821 మే 5న అక్కడే మరణించాడు.

ఊరి పేరు జేమ్స్‌టౌన్. రెండు కొండల మధ్య ఇరుకు లోయలో ఉంటుంది. పక్క కొండ ఎక్కడానికి 699 మెట్లు గలవు. 1829లో ఇది మెట్లదారి మాత్రమే కాదు. పట్టాలపై సామాను బండ్లు ఎక్కించే ఏర్పాటు. పైన కంచరగాడిదలు చక్రం తిప్పితే గొలుసులు బండ్లను లాగేవి. ఆ పట్టాలు పోయినవి, మెట్లు మిగిలినవి. మన వయసువారు కారులో పోవడమే క్షేమం. రోడ్లు ఇరుకు, మలుపులు ఎక్కువ. ఎదురుపడినప్పుడు కొండ ఎక్కే బండికే ముందు దారి ఇవ్వాలి. ఎదురైన ప్రతివారికీ చెయ్యి ఊపడం అక్కడి మర్యాద.

లోపల తిరగడం సరే, దీవి దాటడమే అసలు కష్టం. 1869లో సూయెజ్ కాలువ తెరిచాక ఓడలు తగ్గిపోయినవి. పెద్ద వైద్యం కావాలంటే కేప్‌టౌన్‌కు ఓడలో అయిదారు రోజులు. 2017 అక్టోబరులో జోహాన్నెస్‌బర్గ్ నుండి విమానాలు మొదలైనాయి. 2018లో పాత ఓడ నిలిచిపోయింది.

ఇంకొక అడ్డు కాగితం మీదిది. ఇంగ్లాండులోని ప్రజలకున్న హక్కులే దీవివారికీ ఉంటాయని 1673లో రాజు రెండవ చార్లెస్ శాసనం ఇచ్చాడు. 1981 పౌరసత్వ చట్టం మాత్రం వారికి బ్రిటన్‌లో నివసించే హక్కు ఇవ్వలేదు. ఆ పాత శాసనాన్నే చూపించి వారు అడుగుతూ వచ్చారు. 2002లో పూర్తి పౌరసత్వం తిరిగి లభించింది. పాత జీ.ఓ.లు భద్రపరచుకునే మనబోటి పెన్షనర్లకు ఆ పట్టుదల విలువ వేరే చెప్పనక్కరలేదు.